తకయాసు జబ్బులో కళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

"సార్, బీపీ మిషన్ పని చేయట్లేదు." ఓపీలో సిస్టర్ ఈ మాట అంటే నేను ముందు మిషన్ వైపు చూడను, పేషెంట్ వయసు ఎంతో చూస్తాను. పాతికేళ్ళ లోపు అమ్మాయి. కొన్నాళ్ళుగా తలనొప్పి, అప్పుడప్పుడూ చూపు మసక. ఎడమ చేతిలో నాడి పట్టుకుందామంటే దొరకదు. ఇలాంటప్పుడు చాలాసార్లు మిషన్ బాగానే ఉంటుంది. ఆ చేతికి రక్తం తీసుకెళ్ళే నాళం సన్నబడి ఉంటుంది.

తకయాసు ఆర్టిరైటిస్ అనే పేరు మొదటిసారి విని, ఇంటికెళ్ళి ఫోన్లో వెతికి, రాత్రంతా నిద్రపోని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కంటి సంగతులే ఎక్కువగా ఉంటాయి. మందుల డోసులు రాయడం లేదు. అవి మీ రిపోర్టులు చూసిన డాక్టరు చెప్పాల్సినవి.

అసలు ఇదేం జబ్బు?

గుండె నుంచి బయలుదేరే అతి పెద్ద రక్తనాళం బృహద్ధమని. దాన్నుంచి చేతులకు, మెడ మీదుగా తలకు, కిడ్నీలకు, కాళ్ళకు కొమ్మలు వెళ్తాయి. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి ఈ నాళాల గోడల మీదే దాడి చేస్తుంది. గోడ వాచి, దళసరిగా మారి, లోపలి దారి ఇరుకవుతుంది. కొన్నిచోట్ల పూర్తిగా మూసుకుపోతుంది. ఇంకొన్నిచోట్ల గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది.

సాధారణంగా నలభై ఏళ్ళ లోపే మొదలవుతుంది. ఆడవాళ్ళలో చాలా ఎక్కువ. పిల్లల్లోనూ వస్తుంది. అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. హెచ్ఎల్ఏ బి52 అనే జన్యు గుర్తు ఉన్నవాళ్ళలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది గానీ, తల్లికుంటే బిడ్డకు తప్పకుండా వస్తుందని లేదు.

పెద్ద రక్తనాళాల జబ్బుకీ కంటికీ సంబంధం ఏంటి?

నిజానికి ఈ జబ్బును లోకానికి చూపించింది ఒక కంటి డాక్టరే. 1908లో జపాన్‌లోని కనజావాకు చెందిన మికితో తకయాసు, 21 ఏళ్ళ యువతి కంటి లోపల తాను చూసిన వింతను అక్కడి కంటి వైద్యుల సమావేశంలో వివరించాడు. కంటి నరం మొదలయ్యే చోట చుట్టూ చిన్న రక్తనాళాలు పూలదండలా అల్లుకుని ఉన్నాయి. అదే సమావేశంలో ఒనిషి, కగోషిమా అనే మరో ఇద్దరు వైద్యులు, తమ దగ్గరా ఇలాంటి పేషెంట్లున్నారని, వాళ్ళ చేతుల్లో నాడి అందడం లేదని చెప్పారు. కంటిలో దండ, చేతిలో దొరకని నాడి. ఈ రెంటికీ ముడి ఉందన్న ఆలోచనకు బీజం పడింది అక్కడే. తర్వాత చాలాకాలం దీన్ని నాడి లేని జబ్బు అనే పిలిచారు.

కంటికి రక్తం వచ్చే దారి ఇది: బృహద్ధమని నుంచి మెడలోని కెరోటిడ్ ధమని, దాన్నుంచి కంటికి వెళ్ళే కొమ్మ, ఆ కొమ్మ నుంచి వెంట్రుక లాంటి సన్నటి నాళాలు రెటీనాలోకి, అంటే బొమ్మ పడే కంటి వెనక పొరలోకి. మేజర్ కాలువలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది చివరి మడి. కన్ను ఆ చివరి మడి.

కంట్లో ఏం జరుగుతుంది?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. ఒకే జబ్బు కంటిని రెండు వ్యతిరేక దారుల్లో దెబ్బతీస్తుంది.

మొదటి దారి, రక్తం చాలకపోవడం. మెడలోని నాళాలు ఇరుకైతే రెటీనాకు ప్రాణవాయువు తగ్గుతుంది. ముందు సిరలు ఉబ్బుతాయి. తర్వాత సన్నటి నాళాల గోడలకు ఆవగింజల్లాంటి చిన్న చిన్న బుడగలు వస్తాయి. ఆ తర్వాత ధమనికీ సిరకూ మధ్య అడ్డదారులు ఏర్పడతాయి. తకయాసు చూసిన దండ ఇదే. జపాన్ వైద్యులు ఉయామా, అసయామా 1976లో ఈ వరసనే దశలుగా విభజించారు. నాలుగో దశ అంటే ఇక చిక్కులు: ఆకలితో ఉన్న రెటీనా కొత్త నాళాలు మొలవమని సంకేతాలు పంపుతుంది. ఆ కొత్త నాళాలు పనికిరానివి, పెళుసువి. పగిలి కంటిలోపల రక్తం నిండుతుంది. నల్లగుడ్డు ముందుభాగంలో మొలిస్తే నీరు బయటికి పోయే దారి మూసుకుని తీవ్రమైన నీటికాసులు వస్తాయి. శుక్లం కూడా వయసు కంటే ముందే రావచ్చు.

రెండో దారి, రక్తపోటు మరీ ఎక్కువవడం. కిడ్నీకి వెళ్ళే ధమని ఇరుకైతే, ఒంట్లో రక్తమే తక్కువైందని కిడ్నీ పొరబడి బీపీని పెంచే హార్మోన్లను వదులుతుంది. బీపీ 200 దాటినా ఆశ్చర్యం లేదు. అప్పుడు రెటీనాలో నిప్పు నాలుకల్లాంటి రక్తపు చారలు, దూది పింజల్లాంటి తెల్ల మచ్చలు, కంటి నరం దగ్గర వాపు కనిపిస్తాయి. కొందరిలో రెటీనా కింద నీరు చేరి పొర పైకి లేస్తుంది.

ఒకరిలోనే ఈ రెండూ కలిసి ఉండొచ్చు. ఒక కన్నుకు రక్తం చాలక, రెండో కన్ను పోటుకు తట్టుకోలేక ఇబ్బంది పడటం కూడా జరుగుతుంది. ఎటువైపు నాళం ఎంత మూసుకుందన్న దాని మీద ఉంటుంది.

ఇవి కాక, కంటి నరానికి రక్తం ఆగి చూపు హఠాత్తుగా పడిపోవడం, రెటీనా ప్రధాన ధమని మూసుకుపోవడం కూడా ఉన్నాయి. అరుదు.

మన దగ్గర ఏది ఎక్కువ?

జపాన్‌లో మెడ, చేతుల నాళాలు దెబ్బతినడం ఎక్కువ, అందుకే రక్తం చాలని రకం కళ్ళు అక్కడి పుస్తకాల నిండా ఉంటాయి. భారతదేశంలో పొట్టలోని బృహద్ధమని, కిడ్నీ ధమనులు దెబ్బతినడం ఎక్కువ. కాబట్టి ఇక్కడ మొదట బయటపడేది చాలామందిలో హై బీపీ, కంటిలో దాని గుర్తులు. పిల్లల్లో కూడా అంతే. అందుకే పదిహేనేళ్ళ పిల్లకు బీపీ ఉందంటే "చదువు టెన్షన్" అని పంపించేయడం నాకు అస్సలు నచ్చదు. ఆ వయసులో బీపీ ఉంటే దానికి ఒక కారణం ఉంటుంది, వెతకాలి.

చేతిలో బీపీ 90/60 వచ్చింది. కంటి డాక్టరేమో బీపీ ఎక్కువుంది అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

కంటి డాక్టర్ మాటను కొట్టిపారేయకండి.

ఇరుకైన నాళం ఉన్న చేతికి పట్టీ కడితే, ఆ చేతిలోకి చేరిన కాస్త రక్తం పోటే తెలుస్తుంది. గుండె దగ్గర, మెదడులో, కంటిలో అసలు పోటు ఎంతుందో ఆ చెయ్యి చెప్పలేదు. ఎడమ చేతిలో 90, కుడి చేతిలో 130, కాలిలో 210 ఉన్న మనిషిని ఎడమ చేతిలోనే కొలిచి "లో బీపీ, ఉప్పు నీళ్ళు తాగు" అని పంపించిన సంగతులు నాకు తెలుసు. రెటీనాలో రక్తపు చారలు కనిపించాక గానీ అసలు విషయం బయటపడలేదు. కంటి లోపలి నాళాలకు అబద్ధం చెప్పడం రాదు.

అందుకే రెండు చేతులూ, రెండు కాళ్ళూ, నాలుగు చోట్లా కొలవాలి. తొడకు కట్టే పట్టీ పెద్దది ఉంటుంది, అది అడగండి. మామూలు మనుషుల్లో కాలి పోటు చేతి కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. అది తక్కువగా వస్తే పొట్టలో నాళం ఇరుకై ఉండొచ్చు. రెండు చేతుల మధ్య తేడా 10 పాయింట్లు దాటితే దాన్ని పట్టించుకోవాలి. నాలుగు చోట్లా నాళాలు దెబ్బతిన్నవాళ్ళలో అసలు పోటు తెలియాలంటే తీగ లాంటి గొట్టం లోపలికి పంపి కొలవడం తప్ప దారి ఉండదు.

ఒక చిన్న సలహా. ఏ చేతిలో లేదా కాలిలో కొలిస్తే సరైన అంకె వస్తుందో మీ డాక్టర్ చేత ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఆ పేజీ చూపించండి.

గబుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి. నీరసమేనా?

అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. కానీ తకయాసు ఉన్నవాళ్ళలో, లేచినప్పుడు, అటక మీద సామాను కోసం తల పైకెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు చూపు కొన్ని క్షణాలు నల్లబడి మళ్ళీ వస్తుంటే, మెడ నాళాల్లో రక్తం చాలడం లేదని అర్థం కావచ్చు. ఒక కన్నే అలా ఆరి వెలిగితే ఇంకా జాగ్రత్త పడాలి. ముద్ద నమిలేటప్పుడు దవడ లాగడం, జడ వేసుకునేటప్పుడు చేతులు పీకి కిందికి వాలిపోవడం కూడా అదే కోవలోవి. డాక్టరుకు ఇవన్నీ చెప్పండి. "జడ వేసుకోలేకపోతున్నా" అన్న మాట స్కానింగ్ రిపోర్టంత విలువైంది.

ఇలాంటి వాళ్ళలో బీపీ మందు సొంతంగా పెంచుకుంటే ప్రమాదం. పోటు ఒక్కసారిగా పడిపోతే ఇరుకైన నాళం దాటి కంటికీ మెదడుకీ వెళ్ళే కాస్త రక్తం కూడా ఆగుతుంది. రెండు కిడ్నీల ధమనులూ ఇరుకైన వాళ్ళకు కొన్ని రకాల బీపీ మాత్రలు కిడ్నీనే దెబ్బతీస్తాయి. తెలిసినవాళ్ళ మాత్ర మీకు పనికిరాదు.

నాకు చూపు బాగానే ఉంది. అద్దాలు కూడా లేవు. మరి కంటి పరీక్ష ఎందుకు?

గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా చదివిన వాళ్ళ రెటీనాలో బుడగలు, అడ్డదారులు చూశాం. మధ్యభాగం బాగున్నంత కాలం అంచుల్లో జరిగే నష్టం మనకు తెలియదు. చూపు తగ్గేనాటికి మూడో నాలుగో దశ వచ్చి ఉండొచ్చు. అద్దాల షాపులో చేసే పవర్ చెక్ దీనికి సరిపోదు. చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి, రెటీనా అంచుల దాకా చూడాలి.

జబ్బు తెలిసిన రోజుల్లో ఒకసారి, తర్వాత మీ డాక్టర్ చెప్పిన వ్యవధిలో. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసగ్గా ఉంటుంది, బండి నడపకూడదు. తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి.

ఏమేం పరీక్షలు చేస్తారు?

పాప పెద్దది చేసి చూడటం, కంటి ప్రెషర్ కొలవడం, రెటీనా ఫొటో, రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్. వీటిలో నొప్పి ఏమీ ఉండదు.

ఎక్కువమంది భయపడేది ఫ్లోరిసిన్ యాంజియోగ్రామ్‌కి. గుండెకి చేసే యాంజియోగ్రామ్ లాంటిది కాదు. చేతి సిరలోకి పసుపు రంగు మందు ఎక్కించి, అది కంటిలోకి రాగానే వరసగా ఫొటోలు తీస్తారు. మామూలుగా పది పదిహేను సెకన్లలో రంగు రెటీనాలో కనిపిస్తుంది. మెడ నాళాలు ఇరుకైతే ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే ఒక కొలత. రక్తం అందని చోట్లు నల్లగా, కారుతున్న చోట్లు మెరుస్తూ కనిపిస్తాయి. కొందరికి కాసేపు కడుపులో తిప్పుతుంది. ఒళ్ళు కొన్ని గంటలు పచ్చగా, మూత్రం ఒక రోజు ముదురు పసుపుగా ఉంటుంది. పచ్చకామెర్లు కాదు, పసరు వైద్యానికి పరుగెత్తకండి. ఎలర్జీ ఉన్నా, గర్భం ఉన్నా ముందే చెప్పాలి.

పెద్ద నాళాల కోసం సీటీ లేదా ఎంఆర్ యాంజియోగ్రామ్, మెడకు డాప్లర్ (నాళంలో రక్తం పారే తీరు చూసే స్కాన్), అవసరమైతే పెట్ స్కాన్ రుమటాలజిస్టు (కీళ్ళు, రోగనిరోధక వ్యవస్థ జబ్బులు చూసే డాక్టర్) రాస్తారు.

ఈఎస్ఆర్, సీఆర్పీ నార్మల్. అంటే జబ్బు తగ్గినట్టేనా?

అలా అనుకోలేం. ఒంట్లో వాపును చూపే ఈ రక్త పరీక్షలు బాగున్నా నాళం గోడలో వాపు లోలోపల సాగుతున్న సందర్భాలు ఈ జబ్బులో చాలా ఉన్నాయి. అందుకే నాడి, నాలుగు చోట్ల బీపీ, కొత్త లక్షణాలు, స్కాన్ అన్నీ కలిపి చూస్తారు. మన దేశపు రుమటాలజిస్టులే ఇలా లెక్కగట్టడానికి ఐటాస్ 2010 అనే మార్కుల పద్ధతి తయారుచేశారు.

స్టెరాయిడ్లు వాడితే కళ్ళు పోతాయట కదా?

ఈ మాట అమ్మమ్మల దగ్గర్నుంచి మెడికల్ షాపు కుర్రాడి దాకా అందరూ అంటారు. ఇందులో కొంచెం నిజం ఉంది, అదీ చెబుతాను.

ఎక్కువ కాలం స్టెరాయిడ్ వాడితే కటకం వెనక వైపున శుక్లం రావచ్చు. ఎదురుగా వచ్చే లారీ లైట్లు చెదిరి కళ్ళలో పడటం, ఎండలో చూపు తగ్గడం దీని మొదటి గుర్తులు. దీన్ని ఆపరేషన్‌తో తీసేయవచ్చు. రెండోది కంటి ప్రెషర్ పెరగడం. ఇది నొప్పి లేకుండా నరాన్ని తినేస్తుంది, కొలిస్తే తప్ప తెలియదు. చుక్కలతో చాలామందికి అదుపులో ఉంటుంది. మూడోది, రెటీనా మధ్యలో నీటి బుడగ చేరి నిలువు గీతలు వంకరగా కనిపించడం.

ఇవన్నీ కనిపెట్టి వైద్యం చేయదగ్గవి. నాళం మూసుకుని నరం చచ్చిపోతే మాత్రం తిరిగి తేలేం. అందుకే స్టెరాయిడ్ ఇస్తాం, వీలైనంత త్వరగా తగ్గిస్తాం. మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ వంటివి, అవసరమైతే టోసిలిజుమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్లు తోడు ఇచ్చేది ఆ డోసు తగ్గించడానికే.

మొహం ఉబ్బిందనో, పెళ్ళిచూపులు ఉన్నాయనో ఒక్కసారిగా మానేయకండి. జబ్బు తిరగబెట్టడం ఒక ఎత్తు, ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోన్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావడం ఇంకో ఎత్తు. మొహం గురించి బాధ నిజమైనదే, సిగ్గుపడకుండా డాక్టర్‌తో చెప్పండి, డోసు తగ్గించే దారి చూస్తారు.

కంటికి లేజర్ చేస్తే జబ్బు పోతుందా?

పోదు. రక్తం అందక ఆకలిగా ఉన్న రెటీనా అంచులకు లేజర్ పెడితే అవి కొత్త నాళాల కోసం సంకేతాలు పంపడం తగ్గుతుంది. కంటిలోకి ఇచ్చే బెవాసిజుమాబ్ లాంటి ఇంజెక్షన్ ఆ సంకేతాన్నే అడ్డుకుంటుంది. లోపల రక్తం నిండిపోతే ఆపరేషన్ చేసి తీస్తారు. ఇవి చూపును కాపాడే పనులు. మూలం మెడలోనో కిడ్నీ దగ్గరో ఉంది. బీపీ వల్ల వచ్చిన వాపూ మచ్చలూ అయితే, బీపీ నెమ్మదిగా అదుపులోకి వస్తే కంటికి ఏ మందూ వేయకుండానే వారాల్లో, నెలల్లో తగ్గుతాయి.

బైపాస్ లేదా బెలూన్ చేయిస్తే చూపు తిరిగి వస్తుందా?

నాళం బతికుండి, రెటీనా ఇంకా చచ్చిపోకపోతే, రక్తం అందగానే చూపు మెరుగయ్యే అవకాశం ఉంది. చచ్చిన భాగం తిరిగి రాదు. జబ్బు ఉరకలేస్తున్నప్పుడు చేస్తే మళ్ళీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ, అందుకే ముందు మందులతో చల్లార్చి చేస్తారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రక్తం చాలని కన్ను తనలోని నీటిని సరిగా తయారు చేసుకోలేదు, కాబట్టి ప్రెషర్ తక్కువగానే కనిపిస్తుంది. నీరు పోయే దారిలో కొత్త నాళాలు మొలిచి ఉన్నా పైకి తెలియదు. బైపాస్‌తో రక్తం ఒక్కసారి పెరిగితే నీరు మామూలుగా ఊరుతుంది, పోయే దారేమో మూసుకుని ఉంటుంది. ప్రెషర్ పైకి లేస్తుంది. కాబట్టి మెడ నాళాలకు ఆపరేషన్ ఉంటే ముందొకసారి, తర్వాత కొద్దిరోజుల్లోనే మరోసారి కంటి డాక్టర్‌ను కలవండి. గుండె సర్జన్ గారు గుర్తు చేయకపోయినా మీరే గుర్తుపెట్టుకోండి.

కన్ను ఎర్రబడింది. ఇదీ తకయాసేనా?

సాధారణంగా కాదు. ఈ జబ్బు కంటి లోపల పని చేస్తుంది, పైకి కన్ను తెల్లగానే ఉంటుంది. ఎరుపుతో పాటు నొప్పి, వెలుగు చూడలేకపోవడం ఉంటే వేరే కారణాలు చూడాలి. చిన్న వయసులోనే కంటి నల్లగుడ్డు పైపొర వాచి, చెవులు వినపడటం తగ్గి, తల తిరుగుతుంటే కోగన్ సిండ్రోమ్ అనేది ఒకటుంది. అందులోనూ బృహద్ధమని దెబ్బతినవచ్చు. నోటి పూతలు మళ్ళీ మళ్ళీ వస్తూ కన్ను ఎర్రబడితే బెషెట్ అనే మరో రక్తనాళాల జబ్బు కావచ్చు. అలాగని చెప్పి, రక్తం చాలని కన్నులో నీటికాసులు ముదిరితే కూడా ఎర్రబడి విపరీతంగా నొప్పి వస్తుంది. కాబట్టి మెడికల్ షాపులో చుక్కలు కొనుక్కుని వేసుకోకండి.

మా తాతయ్యకు కూడా రక్తనాళాల వాపుతో చూపు పోయింది. అదీ ఇదీ ఒకటేనా?

అది బహుశా జెయింట్ సెల్ ఆర్టిరైటిస్. యాభై దాటాకే వస్తుంది, మన దేశంలో అరుదు. అందులో కంటి నరానికి రక్తం ఇచ్చే చిన్న నాళాలే నేరుగా మూసుకుని, గంటల్లో చూపు పోవచ్చు. తకయాసులో చాలావరకు నెమ్మదిగా, దూరం నుంచి దెబ్బ పడుతుంది.

టీబీ పరీక్ష ఎందుకు చేయించమన్నారు?

తకయాసుకు వాడే స్టెరాయిడ్లు, మిగతా మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఒంట్లో నిద్రపోతున్న టీబీ లేచి కూర్చోవచ్చు, మన దేశంలో అది చిన్న విషయం కాదు. టీబీకీ తకయాసుకీ బంధం ఉందేమోనని చాలాకాలంగా అనుమానం ఉంది గానీ రుజువు కాలేదు.

పెళ్ళి, పిల్లలు?

పెళ్ళికి అడ్డేమీ లేదు. దాచి చేయొద్దు, తర్వాత మందులు కూడా దాచి వేసుకోవాల్సి వస్తుంది.

గర్భం కూడా చాలామందికి సాధ్యమే, ప్లాన్ చేసుకుని. మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్ బిడ్డకు హాని చేస్తాయి, ముందుగానే మార్చాలి. జబ్బు చల్లబడి కొన్ని నెలలైనా గడవాలి. గర్భంలో బీపీ పెరగడమే అసలు భయం. నెలలు నిండుతున్నప్పుడు తలనొప్పితో చూపు మసకబారితే, మెరుపులు కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. కాన్పు చేసే డాక్టర్‌కు ఏ చేతిలో బీపీ కొలవాలో తెలిసి ఉండాలి. ఆ ఫైలు మొదటి పేజీ ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది.

ఎప్పుడు ఆగకుండా పరుగెత్తాలి?

ఒక కన్ను లేదా రెండూ హఠాత్తుగా కనిపించకపోతే, తిరిగి వచ్చినా సరే. కంటి ముందు నల్ల తెర దిగినట్టుంటే. ఒక్కసారిగా నల్ల చుక్కలు, మసి రాలినట్టు కనిపిస్తే. కన్ను నొప్పితో వాంతులైతే. మూతి వంకర, మాట తడబాటు, చేయి కాలు పడిపోవడం తోడైతే అది పక్షవాతం, 108కి ఫోన్ చేయండి.

ఏ డాక్టర్‌ను కలవాలి?

రుమటాలజిస్టు, రెటీనా డాక్టర్ ఇద్దరూ కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. కంటికి సరోజినీదేవి ప్రభుత్వ ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ తెలిసినవే. రెండో దానికి విశాఖ, విజయవాడల్లో కూడా క్యాంపస్‌లు ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా పాత సీడీలు, స్కాన్ ఫిల్ములు పారేయకుండా పట్టుకెళ్ళండి. కొత్తగా ఇరుకైందా, పాతదేనా అన్నది పాత ఫిల్ముతో పోల్చి చూస్తేనే తేలుతుంది.

ఫోన్ ఎక్కువ చూస్తే ఇది ముదురుతుందా?

ముదరదు. సిగరెట్ తాగితే ముదురుతుంది.